పదివేలు, ఒక్క లెన్స్

మా అత్తగారింటి ముందుగదిలో, దేవుడి పటాలకి కాస్త పక్కగా, మా ఆయన తాతగారి ఫోటో ఒకటి ఉంది. దానికి ప్లాస్టిక్ దండ, చుట్టూ చిన్న బల్బుల సీరియల్ సెట్. దూరం నుంచి బాగానే ఉంటుంది. దగ్గరికి వెళ్తే ముఖం చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. ఓటరు కార్డు మీద ఉన్న చిన్న బొమ్మని ఎవరో స్టూడియోలో ఇచ్చి అంత పెద్దది చేయించారు. మెడ కింద ఎవరిదో కోటు, వెనకాల నీలం కర్టెను అతికించారు. ఆయన జన్మలో కోటు తొడగలేదట. కొబ్బరిచెట్లెక్కిన మనిషికి కోటేమిటి?

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. మనిషి ఉన్నన్నాళ్ళూ ఎవరికీ తోచదు. పోయిన రోజు మాత్రం బీరువాలూ ట్రంకుపెట్టెలూ వెతికి, చివరికి కార్డు పట్టుకుని స్టూడియోకి పరిగెడతాం.

పోయినేడాది, అంటే 2025 సంక్రాంతికి, మా మరిది గల్ఫ్ నుంచి వస్తూ కెమెరా తెచ్చాడు. తను వాడిన కేనన్ 1500డి. దానికి మామూలుగా వచ్చే 18-55 కిట్ లెన్స్. "వదినా, నీకు ఫోటోల పిచ్చి కదా, ఉంచుకో" అని నా చేతిలో పెట్టేశాడు. కనుమ రోజు అందరం వాకిట్లో కూర్చుని ఉంటే మా మావయ్య ఆ కెమెరా కేసి చాలాసేపు చూశారు. తర్వాత ఎవరూ అడక్కుండానే, "అమ్మా, నాది ఒకటి మంచిది తీసి పెట్టు. మా అయ్యకి సేసినట్టు కోటు అతికించీగలరు" అన్నారు.

అత్త చేతిలో అరిసెల పళ్ళెం కింద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. పండగపూట ఆ మాటలేమిటని మా ఆయన కసిరాడు. మావయ్య మాత్రం నావైపే చూస్తున్నారు.

మావయ్యకి కిడ్నీల జబ్బు. ఉద్దానంలో ఈ మాట చెబితే వివరం అడిగేవాళ్ళుండరు, వాళ్ళింట్లోనూ ఒకరుంటారు కాబట్టి. ఎందుకొస్తోందో ఎన్నో పరిశోధనలు జరిగినా ఇదీ కారణం అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, రెండువందల పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. మావయ్యకి వారానికి మూడు రోజులు, మంగళ, గురు, శని, డయాలిసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు. కొబ్బరితోట మధ్యన పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరినీళ్ళు ఒక్క గుక్క కూడా పనికిరావు, అందులో పొటాషియం ఎక్కువని. చుట్టాలెవరైనా వస్తే ఇప్పటికీ తనే బొండాలు కొట్టించి, వాళ్ళు తాగుతుంటే చూస్తారు.

సరే, కెమెరా ఉంది కదా, తీసేద్దామనుకున్నాను. ఆ సాయంత్రమే మావయ్యని వసారాలో కూర్చోబెట్టి పది తీశాను. ఒక్కటీ బాగోలేదు. వసారాలో వెలుతురు చాలక కొన్ని అలికినట్టొచ్చాయి. ఫ్లాష్ వేస్తే నుదురు తళతళా మెరిసి, వెనక గోడ మీద నల్లటి నీడ పడింది. దగ్గరికి వెళ్ళి తీస్తే ముక్కు పెద్దదైపోయి, చెవులు వెనక్కి వెళ్ళిపోయాయి. మావయ్య చూసి ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం నాకు బాధనిపించింది.

అప్పుడే చీటీ ఎత్తాను. ఇంటి ఖర్చులకి పోగా పదివేలు నా చేతిలో మిగిలాయి. మంచి లెన్స్ ఒకటి కొనాలనుకున్నాను. ఇంట్లో గొడవ అక్కడ మొదలైంది, ఎందుకంటే మావాడు కూడా లెన్స్ కావాలన్నాడు. వాడికి కావలసింది ఆకాశం తీసే లెన్స్.

వాడి పిచ్చికి కూడా కారణం మావయ్యే. కొంచెం వెనక్కి వెళ్ళాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. దసరా సెలవులని మేం అప్పుడు ఊళ్ళోనే ఉన్నాం. మావాడికి ఎనిమిదేళ్ళు. ఆ గాలి గురించి రాస్తే అదే ఒక పెద్ద కథ అవుతుంది, ఇప్పుడు వద్దు. తెల్లారి తలుపు తీస్తే తోట లేదు. కొబ్బరి, జీడి, పనస, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కరెంటు చాలా రోజులు రాలేదు. రెండోరోజో మూడోరోజో రాత్రి, ఉక్క భరించలేక మావయ్య మంచం వాకిట్లో వేసుకుని మనవణ్ణి పక్కన పడుకోబెట్టుకున్నారు. అమావాస్య వెళ్ళిన రోజులు, సన్నటి నెలవంక తొందరగా కుంకిపోయేది. అంతకు ముందు ఆ వాకిట్లో పడుకుంటే పైన ఆకులే కనబడేవి. ఆ రాత్రి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఆకాశం, మధ్యలో పొగలాగా పాలపుంత.

"తాతా, అదేటి?" అన్నాడు వీడు.

"అదా, పాలపుంత. ఇన్నాళ్ళూ మన సెట్లు అడ్డొచ్చీవి" అన్నారు మావయ్య. అరవై కొబ్బరిచెట్లు పోగొట్టుకున్న మనిషి. పక్కన చాప మీద ఉన్న నేను ఏడుపు ఆపుకోలేక అటు తిరిగి పడుకున్నాను. వీడికి మాత్రం ఆ తుఫానంటే గుర్తున్నది ఆకాశమే. తొమ్మిదో క్లాసుకొచ్చేసరికి నక్షత్రాల పేర్లన్నీ వాడి నోట్లో ఉన్నాయి. కెమెరా రాగానే, 14 ఎమ్మెమ్ వెడల్పు లెన్స్ ఒకటి ఉంటుందని, ఎఫ్ 2.8 అని, దాంతో పాలపుంత తీయొచ్చని మొదలుపెట్టాడు. ధర చూస్తే పాతికవేల పైమాట. పాతదైనా దొరుకుతుందేమో, నీ పదివేలు ఇస్తే మిగతాది బాబాయిని అడుగుతానన్నాడు.

"తాతగారి ఫోటో స్టూడియోలో తీయించొచ్చు కదమ్మా. ఆకాశం స్టూడియోలో తీయరు కదా."

ఈ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. నిజమే కదా అనిపించింది కూడా.

అది మాఘమాసం, మా అమ్మని చూడ్డానికి టెక్కలి వెళ్ళాం. మా పుట్టింటి వీధి చివర పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే అబ్బాయి ఉన్నాడు, నన్ను అప్పా అంటాడు. సంగతి చెబితే తన 50 ఎమ్మెమ్ ఎఫ్ 1.8 లెన్స్ నా కెమెరాకి తగిలించి, "సాయంత్రం వరకూ ఉంచుకో అప్పా, కొనే ముందు వాడి చూడు" అన్నాడు. అరచేతిలో పట్టేంత లెన్స్, కమలాపండు కంటే తేలిక. దీనికి జూమ్ లేదు. దగ్గరగా కావాలంటే మనమే నడిచి వెళ్ళాలి, దూరం కావాలంటే వెనక్కి నడవాలి.

అమ్మని కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ముందు కిట్ లెన్స్‌ని 18 దగ్గర పెట్టి, ముఖం నిండేంత దగ్గరికి వెళ్ళి తీశాను. తర్వాత 50తో నాలుగైదు అడుగుల దూరం నుంచి తీశాను. రెండూ పక్కపక్కన చూపిస్తే అమ్మ మొదటిదాన్ని చూసి, "ఇదేటే, నా ముక్కు వంకాయలా ఉందేటి?" అంది. తప్పు లెన్స్‌ది కాదు, దూరానిదే. మరీ దగ్గర్నుంచి చూస్తే ముఖంలో మనకి దగ్గరగా ఉన్నది పెద్దదిగా, వెనకున్నది చిన్నదిగా పడుతుంది. వెడల్పు లెన్స్‌తో ముఖం నింపాలంటే అంత దగ్గరికి వెళ్ళక తప్పదు. 50తో అయితే మనం ఎదురుగా కూర్చుని మాట్లాడుకునే దూరం నుంచే ముఖం నిండుతుంది. మా కెమెరాల్లో సెన్సర్ చిన్నది కాబట్టి 50 అన్నది 80లాగా పనిచేస్తుందట, ముఖాలకి అది బాగా కుదురుతుందని ఆ అబ్బాయి చెప్పాడు.

కానీ నన్ను పడేసింది వెలుతురు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ కిటికీ అంత పెద్దగా తెరుచుకుంటుంది. మా కిట్ లెన్స్‌ని ముఖాల కోసం 55కి లాగితే దాని కిటికీ 5.6 కంటే తెరుచుకోదు. ఈ లెన్స్ 1.8 వరకూ తెరుచుకుంటుంది. మావాడు లెక్క కట్టాడు. 5.6ని 1.8తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించాలి. దాదాపు 9.7. అంటే పదింతల వెలుతురు! మావయ్య వసారాలో నేను పడ్డ పాట్లన్నీ ఆ పదింతల దగ్గరే ఉన్నాయి. ఫ్లాష్ అక్కర్లేదు, మనిషి కాస్త కదిలినా అలికినట్టు రాదు.

వాడు అక్కడితో ఆగలేదు. తన లెన్స్ లెక్క కూడా అదే కాగితం మీద వేశాడు. కిట్ లెన్స్ 18 దగ్గర ఉంటే కిటికీ 3.5 వరకూ తెరుచుకుంటుంది. వాడడిగే 14 లెన్స్ 2.8. భాగించి గుణిస్తే ఒకటిన్నర చిల్లర. పాతికవేలు పోస్తే వచ్చేది ఒకటిన్నరింతల వెలుతురు, ఇంకొంచెం ఎక్కువ ఆకాశం. మళ్ళీ వేశాడు. అదే వచ్చింది. కాసేపు పెన్సిలు కొరుక్కుంటూ కూర్చుని, "అయితే నాకు ఉన్నదాంతో మొదలెట్టొచ్చు" అన్నాడు, ఏడుపుముఖంతో.

నేను గెలిచానని చెప్పుకోను. వాడి లెక్క ఇంకోలా వచ్చి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలీదు. బహుశా పదివేలూ మావయ్యకే పెట్టి, వాడికి ఏదో ఒకటి చెప్పేదాన్ని. స్టూడియో మాటకి జవాబు కూడా బస్సులో తిరిగి వస్తున్నప్పుడు తట్టింది. డయాలిసిస్‌కి ముందు మావయ్య ముఖం ఉబ్బిపోయి ఉంటుంది, ఒంట్లో నీరు చేరి. అయిన రోజున వడిలిపోయి, కళ్ళు లోపలికి పోతాయి. ఆయన ముఖం ఆయనలా ఉండేది మర్నాడు పొద్దున్న ఒక పూట. ఆ పూట చూసి పలాస స్టూడియోకి ఎవరు తీసుకొస్తారు, తీసుకొచ్చినా ఆ లైట్ల కింద ఎంతసేపు కూర్చుంటారు? ఇంట్లో ఉన్నదాన్ని నేనైతే ఆ పూట పట్టుకోగలను.

దారిలో తేలినీలాపురం దిగి పక్షుల్ని కూడా చూశాం. చింతచెట్ల మీద, తుమ్మచెట్ల మీద పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు, పిల్లలకి మేత పెడుతూ ఒకటే గోల. అక్కడ పెద్ద పెద్ద లెన్సులు పట్టుకొచ్చిన వాళ్ళని చూసి మావాడు, "అమ్మా, 55-250 కొంటే..." అని మొదలుపెట్టాడు. నోరు మూసుకుని బస్సెక్కమన్నాను. లెన్సులూ చీరలూ ఒకటే, దుకాణంలో ఉన్నంతసేపూ ప్రతిదీ మనకోసమే నేసినట్టుంటుంది.

కేనన్ 50 ఎమ్మెమ్ ఎఫ్ 1.8 కొన్నాం. పదివేల లోపే వచ్చింది.

ఒక బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి మావయ్యని వసారాలో కూర్చోబెట్టాను. కుర్చీని గోడకి ఆనించకుండా రెండు మీటర్లు ముందుకి లాగాను, వెనక ఉన్నవన్నీ మసకబారాలంటే మనిషికీ గోడకీ మధ్య దూరం ఉండాలి. ఒక పక్క నుంచి వాకిటి వెలుతురు. రెండో పక్క చెంప మరీ నల్లగా పడకుండా ఆయన ఉతికిన పంచెనే దండెం మీద ఆరేసినట్టు కట్టాను, తెలుపు మీద పడ్డ వెలుతురు తిరిగి ముఖం మీద పడుతుంది.

మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడదాకా బొత్తాలు పెట్టుకుని వచ్చారు. డయాలిసిస్ కోసం ఎడమ చేతికి ఆపరేషన్ చేశారు, అక్కడ నరం ఉబ్బి కనబడుతుంది. ఆ చేతి మీద తువ్వాలు కప్పుకున్నారు. కెమెరా ఎత్తగానే ఆధార్ సెంటర్లో కూర్చున్నట్టు బిగుసుకుపోయారు. కళ్ళు పెద్దవి చేసి, ఊపిరి బిగబట్టి. "మావయ్యా, కొంచెం నవ్వండి" అన్నాను. నవ్వారు. అది ఇంకా ఘోరంగా ఉంది.

పైగా నా తప్పులు నావి. 1.8 ఉంది కదా అని పూర్తిగా తెరిచి తీస్తే, ముక్కు చివర పదునుగా ఉండి కళ్ళు మసకగా వచ్చాయి. అంత తెరిస్తే పదునుగా ఉండేది ఒక బెత్తెడు లోతు కూడా ఉండదు. 2.8కి తగ్గించాను. కెమెరా తనంతట తను ఎక్కడో ఫోకస్ చేసుకోకుండా, మధ్య చుక్కని నాకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టుకున్నాను. అప్పటికే అరగంట గడిచింది. ఆయన అలిసిపోతున్నారు.

ఇక చాలు, రేపు చూద్దామనుకుంటుండగా ఎదురింటి తోటలో కొబ్బరి దింపేవాడు చెట్టెక్కాడు. తిత్లీ తర్వాత వేసినవి చాలావరకూ ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి, అది మాత్రం అప్పుడు పడకుండా మిగిలిన పాత చెట్టు. మావయ్య చూపు అటు పోయింది. "ఒరే, ఆ గెల కాదురా! లేతది, లేతది! ఆ పక్కది కొట్టు!" అని కేకేశారు. తల పైకెత్తారు, గడ్డం ముందుకొచ్చింది, వాకిటి వెలుతురంతా కళ్ళలో పడింది. తువ్వాలు జారిపోయింది, ఆయన చూసుకోలేదు. నేను నొక్కుతూనే ఉన్నాను. ఏడో ఎనిమిదో వచ్చాయి. అందులో ఒకటి మావయ్యది.

ఆ రాత్రి మా ఆయనకి చూపించాను. ఆయన లెక్కల పుస్తకం మూసి, ఫోన్లోకి ఎక్కించిన ఆ బొమ్మని వేళ్ళతో పెద్దది చేసి కళ్ళు చూశాడు, కనుబొమల మీద తెల్లవెంట్రుకలు చూశాడు. "చిన్నప్పుడు నేను చెట్టెక్కితే ఇలాగే తిట్టేవాడు" అన్నాడు. తర్వాత దొడ్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఇక మావాడి వంతు. ఫిబ్రవరి 26 శివరాత్రి. శివరాత్రంటేనే అమావాస్య ముందురోజు, చంద్రుడుండడు. అందరూ ఎలాగూ జాగారమే. ఆకాశం ఫోటోలకి ఇంతకంటే మంచి రాత్రి ఉండదని వాడి వాదన. అప్పట్లో టీవీల్లో గ్రహాల కవాతు అని ఒకటే చెబుతున్నారు కూడా. సాయంత్రం పడమట శుక్రుడు దీపంలా ఉన్నాడు. అత్త వాకిట్లో నిలబడి పైకి చూపిస్తూ, "అదుగో పిల్లలకోడి" అంది. "దాన్ని కృత్తికలంటారు నానమ్మా, ఆ పెద్దది గురుగ్రహం" అని వీడు. "నీకేటి తెల్సురా, పిల్లలకోడే" అని అత్త.

ఆ గురుగ్రహమే మాకు పనికొచ్చింది. చీకట్లో కెమెరా ఫోకస్ చేసుకోలేదు. వెనక తెర మీద గురుణ్ణి పదింతలు పెద్దది చేసి చూస్తూ, వాడు లెన్స్ రింగుని మిల్లీమీటరు మిల్లీమీటరుగా తిప్పాడు, చుక్క సూదిమొనంత అయ్యేదాకా. రింగు మళ్ళీ కదలకుండా అంటించడానికి ఏదైనా కావాలన్నాడు. మావయ్య సంచిలోంచి తెల్ల ప్లాస్టర్ తీసిచ్చారు, సూది తీశాక చేతికి వేసేది.

తెల్లవారుజామున మూడున్నరకి ఆటో కట్టించుకుని సముద్రం ఒడ్డుకి బయల్దేరాం. నేనూ, వాడూ, మా ఆయనా అనుకున్నాం. చూస్తే మావయ్య శాలువా కప్పుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని ముందే ఆటోలో కూర్చుని ఉన్నారు. పొద్దున్నే డయాలిసిస్ ఉంది, చలిగాలి వద్దని అత్త ఒకటే గొడవ. "నాను పడుకున్నా మెలకువే కదే" అన్నారు.

గుడి మైకులు వెనకపడ్డాక చీకటి చిక్కబడింది. పలాస వైపు ఆకాశం తెల్లగా వెలుగుతోంది, సముద్రం వైపు మాత్రం నల్లగా ఉంది. ఎక్కడో రెండు పడవల లైట్లు. టార్చికి ఎర్ర కాగితం చుట్టాం. చీకటికి అలవాటుపడ్డ కళ్ళు ఎర్ర వెలుగుకి చెదరవు. అదీకాక ఆ నెలల్లో మా ఒడ్డున తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, తెల్ల లైట్లు వాటికి మంచిది కాదు. ట్రైపాడ్ లేదు. బోర్లించిన తెప్ప మీద ఇసుక నింపిన బియ్యం సంచి పెట్టి, అందులో కెమెరాని గుంటచేసి కూర్చోబెట్టాం. చేయి తగిలి ఊగకుండా రెండు సెకన్ల టైమర్.

ఎంతసేపు తెరిచి ఉంచాలన్నదానికి ఒక లెక్క ఉంది. భూమి తిరుగుతుంటుంది కాబట్టి ఎక్కువసేపు ఉంచితే చుక్కలు గీతలైపోతాయి. అయిదొందలని లెన్స్ అంకెతో, చిన్న సెన్సర్ కాబట్టి మళ్ళీ 1.6తో భాగించాలి. 18కి పదిహేడు సెకన్లు వచ్చింది. వాడు పదిహేనుకి పెట్టాడు. ఎఫ్ 3.5, ఐఎస్ఓ 3200.

మొదటి ఫోటో తెల్లటి మసక. గుండె గుభేలుమంది. చూస్తే లెన్స్ అద్దం మీద మంచు, ఉప్పుగాలి. నా కాటన్ చీర చెంగుతో మెల్లగా అద్దాను (లెన్సుల గురించి తెలిసినవాళ్ళు నన్ను క్షమించాలి). రెండో దాంట్లో వచ్చింది. ఆగ్నేయంలో, సముద్రం మీంచి లేస్తున్నట్టు పాలపుంత. కంటికి పొగలా ఉన్నది తెర మీద నల్లటి చీలికలతో, లేత గోధుమరంగు మబ్బులా ఉంది. పైన వృశ్చికం, కొండి తిప్పుకుని. నేను అరిచేశాను. వాడు అరవలేదు. "తాతా, నువ్వు ముందు కూర్చో" అన్నాడు.

తెప్ప ముందు పది అడుగుల దూరంలో ఇసుకలో కుర్చీ వేశాం, సముద్రం వైపు తిప్పి. "పదిహేను సెకన్లు కదలకూడదు తాతా, కదిలితే నువ్వు చెరిగిపోతావు."

"నాలుగు గంటలు కదలకుండా మిషనుకాడ పడుకునీవోణ్ణి. పదిహేను సెకన్లు నాకో లెక్కేటిరా" అన్నారు మావయ్య.

కదల్లేదు. వాడు మూడు తీశాడు. మూడింట్లోనూ మంకీ క్యాపు ఆకారం, కుర్చీ చేతి మీద ఆనించిన మోచెయ్యి, పైన అంతా ఆకాశం. తర్వాత నా 50 తగిలించి వృశ్చికాన్ని కూడా తీశాడు, దానికి ఆరు సెకన్లే వస్తాయి, కానీ కొండిలో చుక్కలు ముత్యాల్లా విడివిడిగా వచ్చాయి. అయిదు దాటాక తూర్పు తెల్లబడింది. మావయ్య ఆటోలోనే నిద్రపోయారు. ఆ మధ్యాహ్నం డయాలిసిస్‌లో ఏమవుతుందోనని నేను హడలిపోతూనే ఉన్నాను. ఏమీ కాలేదు, కాస్త చలి వేసిందన్నారంతే.

మావయ్య ఫోటోని పెద్దగా ప్రింటు వేయించడానికి ఇచ్చినప్పుడు కౌంటరు దగ్గర అమ్మాయి, "ముడతలు తీసేసి, నలుపు తగ్గించమంటారా మేడమ్?" అని అడిగింది. వద్దన్నాను. "కొంచెం తగ్గిస్తే బావుంటుంది మేడమ్, అందరూ చేయించుకుంటారు." వద్దమ్మా అన్నాను మళ్ళీ. చేతి మీద ఉబ్బిన నరం కూడా ఉంచేయమన్నాను.

ఫ్రేము కట్టించి ఊరికి తీసుకెళ్తే అత్త మొదట అన్నమాట, "ఇదేటి, తిడతన్నట్టున్నాడు."

"తిడతన్నాను మరి. ఆ గుంటడు లేత గెల కొట్టేస్తన్నాడు" అన్నారు మావయ్య. ఫోటోని కాళ్ళ మీద పెట్టుకుని, తన ముఖాన్ని తను తీరిగ్గా చూసుకున్నారు. మనవడు తీసిన ఆకాశం ఫోటో కూడా చూపించాం. "దీంట్లో నానెక్కడున్నాను?" అని అడిగి, వీడు వేలితో చూపిస్తే, "ఓస్, తాటిబుర్రలా ఉన్నాను" అన్నారు. అది మాత్రం గోడకి పెట్టడానికి అత్త ఒప్పుకుంది, అందులో ముఖం కనబడదు కాబట్టి. పెద్ద ఫోటోకి మేకు కొట్టనివ్వలేదు. బతికున్న మనిషిని గోడకి కడతారా అని. పాత దుప్పటిలో చుట్టి బీరువాలో తన పట్టుచీరల వెనక పెట్టి తాళం వేసింది. మావయ్య అప్పుడప్పుడూ తాళం అడుగుతారు. తీసి చూసుకుని మళ్ళీ ఇచ్చేస్తారు.

ఇప్పుడు అత్తకి కూడా తీయించుకోవాలని ఉంది. మొన్న నేను కందిపప్పు ఏరుతుంటే పక్కన చేరి, గొంతు తగ్గించి, "నాది తీస్తే సేతులు పడతాయేటే?" అని అడిగింది. పెళ్ళైన దగ్గర్నుంచీ జీడిపిక్కలు కొట్టిన చేతులు, ఆ చమురుకి చర్మం కాలి, వేళ్ళ చివర్లు నల్లబడిపోయాయి. పడకుండా తీయొచ్చు అత్తా అన్నాను. అయితే తీయి, కానీ ఇప్పుడు కాదంది. కమ్మలు బ్యాంకులో ఉన్నాయట, మావయ్య ఆసుపత్రి ఖర్చులకి పెట్టినవి. బోడి చెవులతో ఫోటో దిగదట. తిత్లీ తర్వాత వేసిన జీడిమొక్కలు ఈ ఏడు బాగా పూత మీదున్నాయి. ఎనభై కిలోల బస్తాకి ధర ఎంత కడతారో చూడాలి. బావుంటే ముందు కమ్మలు విడిపించాలి, తర్వాత ఫోటో. మావాడు తన లెన్స్ కోసం పక్కనపెట్టిన డబ్బాలో మూడువేల ఎనిమిదొందలున్నాయి. అందులోంచి రెండువేలు నానమ్మ కమ్మలకి ఇస్తానంటున్నాడు, అప్పుగా.